ఒకే పప్పు, మూడు చిరునామాలు

రైలు దిగితే పలాస, కాస్త నడిస్తే కాశీబుగ్గ. మునిసిపాలిటీ మాత్రం ఒక్కటే. ఈ సంగతి మనకు తెలుసు. కానీ ఒకే వెబ్ పేజీకి రెండు మూడు చిరునామాలుంటే, అవన్నీ ఒక్కటేనని గూగుల్ లాంటి యంత్రానికి విడమరిచి చెప్పాలి.

కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన వెబ్‌సైట్ పెట్టాడనుకుందాం. డబ్ల్యూ 320 రకానికి, అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగేదానికి, ఒక పేజీ ఉంది. ఫేస్‌బుక్ నుంచి వస్తే ఆ పేజీ చిరునామా చివర ప్రశ్నార్థకం, దాని వెనక బారెడు తోక. తక్కువ ధరవి ముందు చూపమంటే ఇంకో తోక. సరుకు అదే. కానీ వెతికేవాళ్లకు తోకలున్నదే కనిపించి, అసలుది మరుగున పడొచ్చు.

2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి దీనికో గుర్తు తెచ్చాయి: కెనానికల్. 'అసలు చిరునామా ఇదీ' అని పేజీ కోడ్ పైభాగంలో ఒక్క వరుస రాయడమే. అయితే ఇది విన్నపమే, ఆజ్ఞ కాదు. పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌లో ఒకటి, మెనూలో మరొకటి ఇస్తే గూగుల్ తనకు తోచింది ఎంచుకుంటుంది. అక్కర్లేని పాత చిరునామాలకైతే 301 దారిమళ్లింపే మేలు.

కొందరు కంగారులో, వెతుకులాట యంత్రాలు ఏ పేజీలు తెరవకూడదో చెప్పే రోబోట్స్ ఫైలుతో తోకలన్నిటికీ అడ్డుకట్ట వేస్తారు. తలుపు మూశాక లోపల రాసిన కెనానికల్ ఎవరికి కనిపిస్తుంది? ఆ పని వద్దు. గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లో మీ చిరునామా ఇచ్చి చూడండి. గూగుల్ దేన్ని అసలుదిగా పట్టుకుందో అక్కడే ఉంటుంది. ఫలితాలు సర్దుకోవడానికి వారాలు పట్టినా పట్టొచ్చు.