సంఘం పద్దులు – సభ్యుల హక్కు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గం వారు మమ్మల్ని విద్యను గురించి మాట్లాడమన్నారు. ఉర్దూ మీడియం పంతుళ్లం గనుక ఏ సభకు పోయినా మాకు ఇదే విషయం ఇస్తారు. ఈసారి పద్దులను గురించి మాట్లాడతామని మేమే అడిగి ఒప్పించుకున్నాము. మన పిల్లల పరీక్ష ఫీజు రావలసింది కూడా ఆ పద్దుల్లోనించే కదా!

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా, తనిఖీ – ఈ మాటలన్నీ ఉర్దూ, ఫారసీల దారిన తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. తెలుగువారికి ఇన్ని లెక్కల మాటలు అందించిన భాష మన ఇళ్లలో మాట్లాడుకుంటాము. తీరా మన సంఘంలో లెక్క అడగాలంటే మాత్రం నోరు రాదు. ఎందుకు రాదో అందరికీ తెలుసు. ఖజానాదారు గారు ఒకరికి మామూ, ఇంకొకరికి చచ్చా. సెక్రటరీ గారింటికి మన పిల్లనిచ్చి ఉంటాము. అడగబోతే "ఏం భాయ్, మా మీద నమ్మకం లేదా?" అంటారు. అంతటితో మాట ఆగిపోతుంది.

ఆడిట్ అనే ఇంగ్లీషు మాటకు లాటిన్‌లో మూలార్థం వినడం. పూర్వం ఆ దేశాల్లో పద్దులు పైకి చదివి వినిపించేవారు, పెద్దలు కూర్చుని వినేవారు. కావున ఆడిట్ కావాలన్న సభ్యుడు ఎవరినీ దొంగ అనడం లేదు, మాకూ వినిపించండి అంటున్నాడు.

మాకు తెలిసిన ఒక ఊరి సంఘంలో ఖజానాదారు గారు చాలా మంచి మనిషి. చేతి డబ్బు వేసి మరీ సంఘాన్ని నడిపినవాడు. అయితే లెక్కంతా చీటీల మీద, జ్ఞాపకం మీద ఉండేది. బ్యాంకు ఖాతా కూడా ఆయన సొంత పేరు మీదే. ఆడిట్ కావాలని ఎవరూ అడగలేదు, మర్యాద కాదనుకున్నారు. ఆయన హఠాత్తుగా పోయాక ఆ ఖాతాలో సంఘం డబ్బు ఎంతో, ఆయన డబ్బు ఎంతో చెప్పగల మనిషి లేడు. కొడుకులు నానా మాటలు పడ్డారు. చందాదారులు వెనక్కు తగ్గారు. ఆ ఏడు ఇంటరు చదివే ఆడపిల్లలకు ఫీజు కట్టలేకపోయారు. ఒక్క పైసా తినని మనిషికి చచ్చిన తరువాత చెడ్డపేరు వచ్చింది. ఏటేటా ఆడిట్ జరిగి ఉంటే ఆ కాగితాలే ఆయన తరఫున సాక్ష్యం చెప్పేవి.

సరే, అడగడమెలా? ముందు బైలా చదవాలి. మన సభ్యుల్లో నూటికి తొంభై మంది బైలా ముఖం చూసి ఉండరని మా అనుమానం. ఎందరు సభ్యులు కోరితే ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలవాలి, ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, కోరం ఎంత, ఆడిటరును ఎవరు నియమించాలి – ఇవన్నీ సాధారణంగా అందులో ఉంటాయి. చందా బకాయి ఉంటే ముందు కట్టేయండి. బకాయిదారు మాట చెల్లదని పక్కకు పెట్టడం అందరికంటె సులువు. 1860 నాటి కేంద్ర సంఘాల చట్టంలోనే మూడు నెలలు మించి బకాయిపడిన సభ్యునికి ఓటు లేదని ఉన్నది.

తరువాత రాతపూర్వకంగా కోరాలి. టీ దుకాణం దగ్గర వంద మంది గొణుక్కునే దానికన్నా, బైలా చెప్పినంత మంది సంతకాలున్న ఒక్క కాగితానికి బలమెక్కువ. అందులో ఎవరి పేరూ ఎత్తకండి, నింద వేయకండి. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా పద్దులను చార్టర్డ్ అకౌంటెంటు చేత ఆడిట్ చేయించే తీర్మానాన్ని అజెండాలో చేర్చమని రాయండి, చాలును. ఆ ఆడిటరు ఖజానాదారు గారి బావమరిది కాకూడదు, అడిగినవారి బావమరిది అసలే కాకూడదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఆడిటరు తన ముందు పెట్టిన కాగితాలను, రాబట్టగలిగిన కాగితాలను బట్టే పరీక్షిస్తాడు. రసీదు రాయని వసూలు ఆయన కంట పడటం కష్టం. అందుచేత రంజాన్‌లో ఎన్ని రసీదు పుస్తకాలు బయటికి ఇచ్చారు, ఎన్ని తిరిగి వచ్చాయి, సగం వాడినవి ఎవరి దగ్గర ఉన్నవి అని సభ్యులే అడగాలి. శాదీఖానా అద్దె, దేగ్‌ల కిరాయి, కుర్బానీ తోళ్ల డబ్బు – ఇవన్నీ ఎక్కడ జమ అయినవి? తోళ్ల ధర ఇదివరకటితో పోలిస్తే బాగా పడిపోయింది, ఔను, అయినా వచ్చిన కాస్తా పుస్తకంలో ఉండాలి. జకాత్ డబ్బు, మామూలు చందా ఒకే పద్దులో కలిపితే ఏది దేనికి పోయిందో తేల్చలేము. ఫోన్‌పే వచ్చాక కొత్త చిక్కు ఒకటి వచ్చి పడింది. గోడ మీది క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదా, కార్యవర్గ సభ్యుని సొంతానిదా, స్కాన్ చేసినప్పుడు వచ్చే పేరు చూడండి.

చట్టం సంగతికి వస్తే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సంఘాలు 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడుస్తున్నాయి. అంతకు ముందు ఆంధ్ర, రాయలసీమల్లో 1860 చట్టం, తెలంగాణలో 1350 ఫస్లీ చట్టం ఉండేవి. కర్ణాటకలోనైతే మూడోవంతు సభ్యులు కోరితే రిజిస్ట్రారే విచారణ జరపాలి. తమిళనాడు చట్టంలోనూ మూడోవంతు సభ్యులు విచారణ కోరవచ్చును. మన 23వ సెక్షను దారి వేరు. తగాదా వస్తే ఏ సభ్యుడైనా 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం పోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. ఒక్క సభ్యుడైనా సరే. ఇది మంచి హక్కే. కాని కోర్టు దాకా పోతే రెండు ఇళ్ల మధ్య రాకపోకలు తెగిపోతాయి, లాయర్ల ఖర్చు వేరే. మధ్యవర్తి దారే మాకు ఇష్టం.

సంఘం ఆదాయపు పన్ను మినహాయింపు పొంది ఉంటే మరొక కట్టుబాటు గలదు. మినహాయింపు లెక్కించక ముందు ఆదాయం పన్ను లేని పరిమితిని దాటిన ఏడు చార్టర్డ్ అకౌంటెంటు ఆడిట్ తప్పనిసరి. ఎవరూ అడగకపోయినా చేయించవలసిందే. మసీదు, ఖబరస్తాన్ వక్ఫు ఆస్తులైతే వాటి లెక్క ముతవల్లీ వక్ఫు బోర్డుకు చూపాలి. ఆ గొడవను సంఘం పద్దులతో కలపవద్దు.

కార్యవర్గం వారికీ ఒక మనవి. కాగితం వచ్చిన రోజున మొహం మాడ్చుకోకండి. అడిగినవారిని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, బ్యాంకు స్టేట్‌మెంటు, క్యాష్ బుక్కు, రసీదు పుస్తకాల నకలు భాగాలు, తీర్మానాల పుస్తకం ముందు పెట్టండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. మిగిలినవి ఆడిటరు చూసుకుంటాడు.

సభ్యులు ఆ కాగితం రెండు ప్రతులు రాసుకోవాలి. ఒకటి సెక్రటరీ గారికిచ్చి, రెండో దాని మీద ముట్టినట్టు సంతకం, తారీఖు వేయించుకోండి. తీసుకోనంటే పోస్టులో పంపండి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనుక స్పీడ్ పోస్టులోనే పంపి, ఆ రసీదును రెండో ప్రతికి గుచ్చి ఉంచండి.