పగడానికి ఏ వెలుగు?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట టెంఘర్‌లో మనవారందరినీ ఒకచోట చూడడం మా భాగ్యం. మేము పండితులము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నాము. అందుచేత మా ఇంట జరిగిన ఒక చిన్న సంగతినే మనవి చేస్తాము.

బొంబాయి మెరైన్ డ్రైవులో 1951లో తెరచిన తారాపూర్‌వాలా మత్స్యశాలను ఒకప్పుడు పిల్లలతో చూచాము. నాటి నుండి మా అబ్బాయికి ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచాలని ఒకటే కోరిక. రెండేళ్ళు కూడబెట్టి 60 లీటర్ల తొట్టి కొన్నాము. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ లెక్కన రెండు కిలోల పైచిలుకు ప్రత్యేకపు ఉప్పు తెచ్చాము. వంటింటి ఉప్పు పనికిరాదు. ఇక దీపం మిగిలింది.

"ఎక్కువ వాట్లది కొనండి, ధగధగలాడుతుంది" అన్నాడు ఒక దుకాణదారు. మాకు నమ్మకం కుదరలేదు. సాంచాపైన దీపం పడుగు పోగు కనబడేటట్టు కడతాము గాని, గది అందం కోసం కట్టము గదా! పగడానికి కావలసినదేమిటో ముందు తెలుసుకున్నాము.

పగడం రాయి కాదు, మొక్క కాదు, అదొక జంతువు. దాని ఒంటిలో అతి సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుగుతో వండిపెట్టే ఆహారమే దానికి ముఖ్యాధారం. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందే మాయమై, నీలం దిగువకు చేరుతుంది. కనుక నీలం పాలు హెచ్చుగా ఉన్న దీపం కావాలి. వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి. లూమెన్లు మన కంటికి తోచే వెలుగును చెబుతాయి. ఆ రెండూ పగడం ఆకలిని చెప్పవు.

మెటల్ హాలైడ్ దీపం మంచి వెలుగే గాని, చిన్న తొట్టిలో నీటిని కాచేస్తుంది. టి5 గొట్టాల వెలుగు సమంగా పరుచుకుంటుంది. వాటిని అప్పుడప్పుడు మార్చాలి. ఎల్.ఇ.డి. తక్కువ కరెంటు తింటుంది, హెచ్చించనూ తగ్గించనూ వీలు. చిన్న తొట్టికి అదే మేలు. మొదట మందంగా వెలిగించి, కొన్ని వారాలలో పెంచాలి. రోజుకు ఎనిమిది, పది గంటలు చాలు. వెలుగు గాని వేడి గాని మితిమీరితే పగడం తన నాచును వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. 1998లో సముద్రం వేడెక్కి మన్నార్ సింధుశాఖలోను, అండమాన్, లక్షద్వీపాలలోను అదే జరిగింది. మరొక మాట: ఉప్పునీరు జారి ప్లగ్గులోకి పోకుండా వైరును ప్లగ్గుకన్న కిందికి వేలాడేయాలి.

దీపం బేరం కుదిరింది. బయానా ఇచ్చే ముందు పగడం మాట అడిగాము. దుకాణదారు లోపలి నుండి ఒక రాతి పగడం ముక్క చాటుగా తెచ్చాడు. బిల్లు అడిగితే నవ్వాడు. టిక్కెట్టు లేని ప్రయాణికుడిని చూస్తే మాకు అనుమానం రాదా? విచారించగా తెలిసినదేమనగా, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నిటినీ 2001లో చేర్చారట. అంటే పులితో సమానమైన రక్షణ!

అబ్బాయి నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు. "అందరూ కొంటున్నారు గదా, నాన్నా" అన్నాడు ఐదవ నాడు. మాకు గుండె కలుక్కుమన్నది. అయినా సరేననలేకపోయాము. సముద్రంలో విరగ్గొట్టిన ముక్కకు ఎంత మంచి దీపం పెట్టినా ఏం లాభమని చెప్పాము.

ఇప్పుడు తొట్టిలో చేపలు మాత్రమే ఉన్నాయి. వాటికి ఒక చిన్న దీపం చాలింది. పెద్ద దీపానికని దాచిన డబ్బు అలాగే ఉన్నది. వచ్చే సెలవులలో కుడాల్ స్టేషనులో దిగి మాల్వణ్ పోయి, సముద్రంలో సూర్యుని వెలుగులోనే పగడాలను వాడికి చూపించాలని సంకల్పం.

మీ పిల్లలు కూడా అడిగితే, దీపం కన్నా ముందు పగడం ఎక్కడిదని విచారించండి.