దర్శనం, హిక్మత్, దానం
(సికింద్రాబాద్‌లో మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఫిలాసఫీ అని కనబడితే మన కమిటీలో వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: "దాంతో ఏం ఉద్యోగం వస్తుంది?" జకాత్ సొమ్ము చేతిలో ఉన్నవారు అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ చదువు దేనికోసం పుట్టిందో కూడా చూద్దాం.

మన దేశంలో దానికి పేరు దర్శనం, అంటే చూడటం. ఊరికే చూడటం కాదు. సాంఖ్యం మొదలయ్యేదే మనిషి దుఃఖం దగ్గర. బుద్ధుడి బోధా అంతే. వాదానికి, తర్కానికి పేరుపడ్డ న్యాయదర్శనం కూడా సరైన జ్ఞానంతో దుఃఖం తొలగాలనే చెబుతుంది. చార్వాకుల దారి వేరు, వాళ్లను ఇవాళ్టికి వదిలేద్దాం.

నాగార్జునసాగర్ చూడని వాళ్లు మనలో తక్కువ. ఆ పేరుగల ఆచార్య నాగార్జునుడు ఏదీ తనంతట తాను నిలబడదని వాదించిన మహా తార్కికుడు. ఆయనే 'రత్నావళి'లో రాజుకు ఏం చెప్పాడంటే, చూపులేనివారికి, రోగులకు, దిక్కులేనివారికి అన్నం, నీళ్లు అందేలా చూడమన్నాడు. అంత సూక్ష్మమైన తర్కం చేసినవాడు అన్నం సంగతి మరిచిపోలేదు. నాకైతే ఈ రెండూ ఒకటే మాటలా తోస్తాయి: నా సంపాదన కూడా నా ఒక్కడిది కాదు.

ఇక మన ఇంటి మాట. ఫల్సఫా గ్రీకు నుంచి అరబ్బీలోకి వచ్చిన పదం. ఖురాన్ మాట హిక్మత్. అది ఎవరికి దక్కితే వారికి గొప్ప మేలు దక్కినట్లేనని చెప్పే ఆయత్ సూరా బఖరాలో 269వది. దాని ముందూ వెనుకా చూడండి, 261 నుంచి 274 దాకా నడిచేది దానధర్మాల ప్రస్తావనే. ఇచ్చి దెప్పిపొడవద్దు, మనం పుచ్చుకోని నాసిరకం ఇవ్వొద్దు, బహిరంగంగా ఇచ్చినా మంచిదే కానీ గుట్టుగా పేదలకు ఇస్తే ఇంకా మేలు. హిక్మత్ మాట సరిగ్గా వీటి మధ్యనే వచ్చింది.

మరి మనం? కుట్టుమిషను ఇచ్చేటప్పుడు ఆ తల్లిని వేదిక ఎక్కించి ఫోటో తీస్తాం, సావనీర్‌లో వేస్తాం. ఆమె పిల్లలు అదే బస్తీలో బడికి వెళ్లాలి కదా! వచ్చే ఏడాది నుంచి దాతల ఫోటోలు వేసుకుందాం, తీసుకున్నవారివి మానేద్దాం.

1918లో మొదలైన ఉస్మానియా ఉర్దూలో పాఠాలు చెప్పింది. ఖలీఫా అబ్దుల్ హకీం, మీర్ వలీయుద్దీన్ అక్కడ తత్వశాస్త్రం బోధించినవారే. ఫిలాసఫీ కోసం ఈసారి ఒక అమ్మాయి పెట్టిన దరఖాస్తు ఇంకా కమిటీ ముందే ఉంది. దాన్ని మరోసారి చూడమని కోరుతున్నాను.