గట్టుమీది మొక్కలలో తినదగినవి, తినరానివి

(కృష్ణా డెల్టా సేద్యగాండ్ర నిమిత్తమైన ఉపన్యాసము)



వినాయక చవితినాడు ఇరువదియొక్క విధములైన పత్రితో పూజ జరుగుట అందరెరిగినదే. ఆ పత్రిలో మామిడి, దానిమ్మ, రేగు మొదలగు ఫలవృక్షముల ఆకులున్నవి. జాజి, మరువము వంటి పరిమళము గలవి యున్నవి. వానితోబాటు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడ నున్నవి. అనగా తినదగినదియు, ముచ్చటకు పెంచుకొనునదియు, ప్రాణము తీయునదియు ఒకే పళ్లెరములో చేరుచున్నవి. పూర్వము పిల్లలే గట్లవెంబడి తిరిగి పత్రి కోసి తెచ్చెడివారు. ఆ నెపమున ఏడాది కొకసారియైనను ఏ ఆకు ఏదో పెద్దలవలన విని తెలిసికొనెడివారు. ఇప్పుడు విజయవాడలో పత్రి కట్టలుగా కట్టి బజారున అమ్ముచున్నారు. కొనినవారికి కట్టలోని ఆకుల పేర్లు తెలియవు. అమ్మువారికైనను అన్నియు తెలియునని చెప్పుట కష్టము.

ఈ తెలియమి పట్టణమునందు అంతగా బాధింపదు. పల్లెయందు అట్లుగాదు. 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టవలనను, అది 1952లో కొంత తెగిన పిదప 1957లో పూర్తియైన ప్రకాశం బారేజివలనను, బందరు, ఏలూరు, రైవసు, కొమ్మమూరు కాలువలక్రింద లక్షల ఎకరములు సాగగుచున్నవి. నీరున్నచోట వరియొక్కటే పెరుగదు. కాలువగట్టు, మురుగుబోదె, చేనిగట్టు, దొడ్డికంచె, వీనియన్నిటను ఎవరును విత్తని మొక్కలు విస్తారముగా పెరుగును. ఆ గట్టుమీదనే పశువు మేయును, ఆ గట్టుమీదనే స్త్రీలు కూరాకు కోసికొందురు, ఆ గట్టుమీదనే పిల్లలు ఆడుకొందురు. కావున గట్టును గురించి తెలిసికొనుట చేనిని గురించి తెలిసికొనుటకు తక్కువైన పనిగాదు.

ముందుగా ఉమ్మెత్తను గూర్చి చెప్పవలసియున్నది. మిరప, వంగ, పొగాకు, ఉమ్మెత్త, ఈ నాలుగును ఒకే కుటుంబమునకు జేరిన మొక్కలు. ఈ బంధుత్వము పుస్తకములకు మాత్రమే పరిమితమైనది కాదు. ఉమ్మెత్త గింజకును మిరప గింజకును పోలిక యుండుటచే, రెండింటిని వేరుపరచు లక్షణములను వైద్యవిద్యార్థులకు ప్రత్యేకముగా నేర్పుదురు. అవి మిరప పండించు రైతునకును తెలిసియుండవలసినవే. మిరప గింజ చిన్నది, పలుచనిది, గుండ్రనిది, లేతపసుపు వన్నెది, నునుపైనది. నోట వేసికొనకయే ఘాటు తెలియును. ఉమ్మెత్త గింజ దానికంటె పెద్దది, మందమైనది, మూత్రపిండము ఆకృతి గలది, గోధుమవన్నెది, గుంటలు గుంటలుగా నుండునది. దానికి వాసన లేదు, రుచి చేదు. చేనిలో కలుపుగా నిలిచిన ఉమ్మెత్తకాయ పగిలి కళ్లములో కలిసినచో ఈ భేదము తెలిసిన కన్ను దానిని పట్టగలదు. తెలియని కన్నునకు అన్నియు గింజలే.

గింజకంటె ఆకువలన కలుగు పొరపాటు తరచైనది. ముండ్లకాయ గాచిన ఉమ్మెత్తను పసివాడైనను గుర్తించును. నాలుగైదు ఆకులు మాత్రమే వేసిన లేతమొక్కను, తోటకూర మడిలో వెదజల్లిన విత్తుతోబాటు మొలచినదానిని, గుర్తించుట సులభము గాదు. దానిని కూరలో వండి తినినవారికి నోరు ఎండును, మ్రింగుడు పడదు, కంటిపాప పెద్దదై చూపు మసకబారును, ఒడలు కాలును, పిమ్మట మతి చలించి లేనివానిని చూచి మాటలాడుదురు. ఒక యింటివారందరును ఒకేమారు ఇట్లు ప్రవర్తించినచో గాలి సోకినదని భూతవైద్యుని పిలుచుటకు బదులు, ఆ పూట వండిన కూర ఏదియో ముందు విచారింపవలయును. కూరాకును వేరుతో పెరికి కుప్పగా తేక, ఒక్కొక్క మొక్కను చూచి గిల్లుకొను పాతపద్ధతి కొంత ఆలస్యమైనను ఇందుకు మంచి రక్షణ.

గన్నేరు సంగతి వేరు. దానిని ఎవరును పొరపాటున వండుకొనరు. ఎఱ్ఱ, తెలుపు, గులాబి పూలు సంవత్సరమంతయు పూయును, ఎండకు, దుమ్మునకు ఓర్చును, పశువు ముట్టదు. ఈ గుణములచేతనే పెద్ద రహదారుల నడుమ వరుసలుగా దానిని నాటుచున్నారు. పచ్చిగన్నేరు చేదు గనుక పశువు ముట్టదనుట నిజమే. చిక్కంతయు కొమ్మలు కత్తిరించిన తరువాత వచ్చును. నరికిన కొమ్మలు ప్రక్కనున్న గడ్డిపై పడవేయుదురు. ఆకు వాడి ఎండగనే చేదు తగ్గును గాని విషము తగ్గదు. గడ్డితో కలిసిన ఆకులను ఆకలిగొన్న పశువు ఏరి విడువదు. పది యిరువది ఆకులు పెద్ద పశువును సైతము చంపజాలును. విషము గుండెను పట్టును. నాడి క్రమము తప్పును. సాయంకాలము మేసి వచ్చిన గేదె తెల్లవారునప్పటికి లేకపోవచ్చును. ఏ వ్యాధియు లేని పశువు ఇట్లు చచ్చినపుడు పాము కరచినదని సరిపెట్టుకొనుట వాడుక. అది మేసిన చోటికి వెళ్లి చూచినచో అసలు పాము కనబడవచ్చును. కావున గన్నేరు కత్తిరింపులను గడ్డిమీద వేయక గోతిలో పూడ్చవలయును, వంటచెరకుగా వాడరాదు.

గంటలవంటి పసుపుపూలు పూయు పచ్చగన్నేరు అమెరికా ఖండపు ఉష్ణదేశములనుండి వచ్చినది. దాని విషమును గుండెకు సంబంధించినదే. కాయలోని గింజలు మిక్కిలి ప్రమాదకరములు. కాయలు చూచుటకు ముచ్చటగా నుండుటచే పిల్లలు ఆటకు తెచ్చుకొందురు. బడి ప్రక్కను, దొడ్డివాకిటను దీనిని కంచెగా నుంచుట తగదు. దేవునిపూలకు కావలెనన్నచో మందార, నందివర్ధనము నాటుకొనవచ్చును.

జిల్లేటిపాలు కంటబడినచో నల్లగ్రుడ్డు మసకలు పడును. రథసప్తమికిని చవితికిని ఆకులు కోయుదినములలోనే ఇట్టి అపాయములకు ఎక్కువ అవకాశము. కోసిన చేతిని కడుగుకొనక కన్ను నులుముకొనరాదు. పాలు కంటబడినచో వెంటనే పావుగంటసేపు మంచినీటితో కడిగి వైద్యునివద్దకు పోవలయును.

ఇంతవరకు చెప్పినవి విషములని పేరుపడినవి. రైతునకు అంతకంటె హెచ్చు నష్టము కలిగించునది పేరుపడిన ఆహారమే, అనగా జొన్న. పడమటి డెల్టాలో, తెనాలి మొదలగు ప్రాంతములందు, వరి కోసిన చేలలో దున్నకయే మొక్కజొన్నయు జొన్నయు విత్తు పద్ధతి వ్యాపించినది. జొన్నలేతపైరును మేసిన పశువులకు నాము తగులునని వృద్ధులందరు నెరుగుదురు. ఇది దృష్టిదోషము గాదు. లేతజొన్నయందు ధుర్రిన్ అను పదార్థము గలదు. పశువు నమలగనే అది విడివడి హైడ్రోసైనిక్ ఆమ్లమగును. మోకాలెత్తు దాటని పైరునందును, నీరులేక గిడసబారిన పైరునందును, బెట్ట పిదప వాన తగిలి హఠాత్తుగా చిగిర్చిన పైరునందును ఇది అధికము. కంకి కోసిన తరువాత మోడునుండి వచ్చు పిలకలయందు సైతము అట్లే. పంట యింటికి చేరినదికదా యని పశువులను చేనిలోనికి వదలు దినములే ఈ పిలకలు వచ్చు దినములు. రైతు దానిని ఉచితముగా దొరకిన పచ్చిమేతయని తలచును.

నాము తగిలిన పశువు నిమిషములలోనే గసపోయును, వణకును, నోట నురుగు గార్చును, తూలి పడును. నెత్తురు నల్లబడుటకు బదులు మిక్కిలి ఎఱ్ఱగా నుండును. పశువైద్యుడు సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అను మందులను నరములోనికి ఎక్కించినచో బ్రతుకును. గాని వైద్యుడు వచ్చునంతవరకు పశువు నిలుచుట దుర్లభము. అందుచేత నివారణయే ముఖ్యము. పూత వచ్చునంతవరకు జొన్నను పచ్చిగా మేపరాదు. కోసి బాగుగా ఎండబెట్టినచో విషము చాలవరకు ఆవిరియై పోవును. బెట్టగొన్న పైరునకు నీరు పెట్టి, అది తేరుకొని పూతకు వచ్చిన పిదపనే కోయవలయును. పిలకల చేనిలో పశువును విడువకుండుటయే మేలు. చేనిగట్టున మేపునపుడు సైతము పలుపు పొట్టిగా కట్టవలయును.

ఆముదము విషయమునను ఇట్టి మెలకువ అవసరము. గింజలోని రిసిన్ అను విషము నూనెలోనికి దిగదు. అందుచేతనే మందుగా త్రాగిన ఆముదము చంపదు. విషమంతయు పిండిలో మిగులును. అరటికిని పసుపునకును ఎరువుగా వేయుటకు తెచ్చిన ఆముదపుపిండి బస్తాను వేరుసెనగచెక్క బస్తా ప్రక్కను పెట్టుట కొన్ని యిండ్లలో గలదు. రెండును చెక్కలే గదా యని కుర్రవాడు కుడితిలో కలిపినచో గొడ్లసావడి ఖాళీయగును. ఆముదపుపిండిని దూరముగా, తాళముక్రింద నుంచవలయును.

గట్లపై పసుపుపూవుతోను, తెల్లచారల ముండ్లాకులతోను పెరుగు బ్రహ్మదండి గింజ ఆవగింజను పోలియుండును. దాని నూనె కలిసిన ఆవనూనెవలన 1998లో ఢిల్లీలో కాళ్లు వాచి అనేకులు మరణించిరి. ఆంధ్రదేశమున ఆవనూనె వాడుక స్వల్పమే. గాని ఆవకాయకు ఆవపిండి కొట్టని యిల్లు లేదు. ఆవగింజ నునుపుగా గుండ్రముగా నుండును. బ్రహ్మదండిగింజపై వలవంటి గుంటలుండును. కొట్టుటకు ముందు చేటలో పోసి చూచుకొనుట మంచిది.

పొరపాటునకు తావిచ్చు మరియొక జంట గలదు. కాలువలలో నీటిపై ప్రాకు తూటికూర రుచియైనది, బలకరమైనది. దాని జ్ఞాతియైన లొట్టపీసు అమెరికానుండి వచ్చి, లేతయూదా పూలతో గట్లన్నియు నాక్రమించినది. కొమ్మ గుచ్చిన చాలు, బ్రతుకును గనుక కంచెకు వాడుదురు. కరవుదినములలో మేకలు దీనికి అలవాటుపడి, నానాటికి చిక్కి, తల వణకి, నడక తూలి చచ్చును. పూవులు రెండింటికి ఒకటిగానే యుండును. తూటికూర కాడ బోలుగా మెత్తగా నీటిపై ప్రాకును, లొట్టపీసు కొమ్మ గట్టిపడి నిలువుగా లేచును. తూటికూరయైనను పట్టణపు మురుగునీట పెరిగినది కొనరాదు. ఆ మురుగులోని మలినము ఆకునకును పట్టును.

కంద, చేమలను గూర్చి దీర్ఘముగా చెప్పనక్కరలేదు. కృష్ణకు ఇరువైపుల లంకభూములలో పసుపుతోను అరటితోను కందను పండించు రైతునకు దాని దురద చేతికి తెలిసినదే. సూదులవంటి సున్నపు స్ఫటికములు దానికి కారణము. చింతపండుతో బాగుగా ఉడికించిన బాధింపవు. కొవ్వూరునుండి వ్యాపించిన గజేంద్ర రకమునకు దురద తక్కువగుటచే అది దేశమంతటను పేరొందినది. వింతయేమనగా, కందను చూచి వెనుదీయు పట్టణవాసి తన వరండాలో డిఫెన్‌బాకియా అను మచ్చలాకుల మొక్కను తొట్టిలో పెంచుకొనుచున్నాడు. అదియు కందకుటుంబమే, అవే సూదులు; పసిబిడ్డ కొరికినచో నాలుక వాచి మాట రాదు, ఒక్కొక్కప్పుడు ఊపిరి సైతము అడ్డుపడును. అంగడివాడు ఆ మాట చెప్పడు.

అందమును చూచి తెచ్చుకొన్న దానివలన దేశమే నష్టపడిన దృష్టాంతము గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నదులలోని ఈ మొక్కను పందొమ్మిదవ శతాబ్దాంతమున ఊదాపూల కొరకు వంగదేశమునకు తెచ్చిరి. నీటిదారులు మూసికొనిపోగా 1936లో అక్కడ దాని నిర్మూలనమునకై ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చెను. డెల్టా కాలువలలోను, మురుగుబోదెలలోను, కొల్లేటిలోను నేడు దాని బాధ తెలియని రైతులేడు. ఇంటిముందు కుండీలో పెంచినదానిని పారవేయునపుడు కాలువలో వేయువారు తమ పొలపు నీటికి తామే అడ్డుకట్ట వేసికొనుచున్నారు.

అందమును ఆహారమును ఒక్కటిగా నిచ్చు మొక్కలు లేకపోలేదు. పొన్నూరు, చేబ్రోలు ప్రాంతముల తమలపాకుతోటలలో తీగకు ఊతముగా వేయు అవిసెచెట్టు అట్టిది. తెల్లని పెద్దపూలు కూరకు వచ్చును, ఆకు పశువునకు మేతయగును, వేరు భూమికి నత్రజని నిచ్చును. గన్నేరు తీసివేసిన దొడ్డికంచెలో అవిసెను, మునగను, కరివేపను, గోరింటను నాటుకొనిన పూలకు పూలు, కూరకు కూర. గట్టుపై తడినేలలో పొన్నగంటికూర ఎవరి పోషణయు లేకయే పెరుగును.

ఇంత జాగ్రత్తపడినను అపాయము సంభవింపవచ్చును. మనుష్యుడు విషపుమొక్క తినినచో వేలు పెట్టి కక్కించుట, ఉప్పునీరు పోయుట, పసరువైద్యము చేయుట కూడదు. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. 108కు ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చవలయును. పశువునకైనచో మేత మాన్పించి నీడకు చేర్చి పశువైద్యునకు కబురు పంపవలయును. రెండు సందర్భములయందును తినిన మొక్కయొక్క కొమ్మను, దొరికినచో పూవును కాయను సైతము, కాగితములో చుట్టి వెంట తీసికొనిపోవలయును. పేరు ఊరూరికి మారును గాని ఆకు మారదు. దానిని చూచిన వైద్యుడు గుండెకు చికిత్స చేయవలయునో, ఊపిరికి చేయవలయునో ఆ క్షణముననే నిర్ణయించుకొనగలడు.