కూలిన విమానాల లెక్క ఎవరి దగ్గరుంది?

మదనపల్లెలో చరిత్ర చెప్పినన్నాళ్లూ మా మాస్టారు ఏ కాగితం చూపించినా "ఇది రాసిందెవరు, ఆ రోజు అతనికేం అవసరం?" అని అడిగేవారు. ఆ ప్రశ్ననే ఇవాళ యుద్ధవిమానాల నష్టాల మీదికి తిప్పుతాను.

మొదటి ప్రపంచయుద్ధం మీకు తెలిసిందే. అందులో పోరాడిన మన పైలట్ ఇంద్రలాల్ రాయ్ 10 విజయాలూ తెలిసినవే. అదుపుతప్పి దిగిపోయిన శత్రువిమానాన్నీ విజయం కింద రాసుకున్న కాలమది. దాటిపోదాం.

నేను ఏళ్లు గడిపింది 1942 ఏప్రిల్‌తో. 5వ తేదీ, ఈస్టర్ ఆదివారం, జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళం కొలంబో మీద పడింది. మర్నాడు జపాన్ విమానవాహక నౌక ర్యూజో విమానాలు మన విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఇక్కడ ఎదురెళ్లే ఫైటర్లు లేవు గనక లెక్కల తగాదా కూడా లేదు! తగాదా అంతా కొలంబోదే. బ్రిటిష్‌వాళ్లు ఇరవైకి పైగా కూల్చామన్నారు. జపాన్ నౌకల చర్యాపత్రాల్లో తిరిగిరానివి 7: ఒక జీరో ఫైటర్, 6 డైవ్ బాంబర్లు. గళ్లు గీసిన ఆ పత్రాల్లో విమానం విమానానికీ సిబ్బంది పేర్లు, పేల్చిన తూటాలు, తగిలిన దెబ్బలు ఉంటాయి. మరి బ్రిటిష్ పైలట్లు అబద్ధమాడారా? లేదు. నిట్టనిలువునా దిగే డైవ్ బాంబర్ కూలుతున్నట్టే కనబడుతుంది. పైగా మన మండీలో ఒకే టమాటా లాటుకు ముగ్గురు కమీషన్ రాసుకున్నట్టు, ఒకే విమానాన్ని ముగ్గురు పైలట్లు తమ ఖాతాలో వేసుకుంటారు.

అయితే పోగొట్టుకున్నవాడి కాగితమే వేదమనే పండితులున్నారు. వాళ్లతో నాకు ఎన్నాళ్లుగానో పేచీ. నౌక మీదికి చేరి, ఇక పనికిరాదని పక్కకు నెట్టేసిన విమానం ఏ పద్దులోకి వస్తుంది? నిర్వహణ చిట్టా తెరవకుండా "7, అంతే" అని బల్లగుద్దితే ఎలా? పోగొట్టుకున్నవాడి లెక్క కూడా మారుతుందనడానికి 1965 భారత్-పాక్ యుద్ధం చూడండి. యుద్ధం ముగిశాక మనవాళ్లు 73 కూల్చాం, 35 పోయాయన్నారు. పాకిస్తాన్ 104 కూల్చాం, 19 పోయాయంది. తర్వాత మన రక్షణశాఖ చరిత్ర విభాగం సిద్ధం చేసిన గ్రంథంలో మన నష్టమే 59కి చేరింది. అలాగని శత్రువు కాగితాన్ని పారేయమనడం లేదు. సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య మన రికార్డుల్లో 'తిరిగి రాలేదు', అంతవరకే. దెబ్బతిన్న మిస్టేర్ విమానంతోనే ఆయన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ను పడగొట్టిన సంగతి బయటపడింది 1979లో, పాకిస్తాన్ వైపు నుంచి రాసిన జాన్ ఫ్రికర్ పుస్తకంతో. ఆయనకు మహావీరచక్ర 1988లో వచ్చింది. ఈ ఒక్క ఉదంతం చాలు, నా ప్రత్యర్థులకూ కొన్ని మార్కులివ్వాలి.

సభాధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. 1971 యుద్ధం మీద ఇరువైపులా పుస్తకాలున్నాయి, చదువుకోండి. ఇక 2019 ఫిబ్రవరి 27న మన మిగ్ పైలట్ అభినందన్ పాకిస్తాన్ ఎఫ్-16ను కూల్చారని మనవాళ్లు రాడార్ చిత్రాలు చూపారు. తమదేదీ పోలేదంటూ, ఆయన ఏదీ పేల్చలేదనడానికి పాకిస్తాన్ ఆ మిగ్ శకలాల్లోని నాలుగు క్షిపణులు చూపింది. ఆ ఎఫ్-16 స్క్వాడ్రన్ల చిట్టాలు బయటికొచ్చేదాకా నేను ఏ అంకెనూ వేయను. దీనికి కోపమొచ్చినవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోవచ్చు.