ఆటకో రంగు గుడ్డ
(అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఆటకోసం ఇంట్లోనే గుడ్డలకు రంగులు వేయడం గురించి చెప్పమని నన్ను పిలిచారు. హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఈ ఉల్లిపొట్టు, కరక్కాయల గోలేమిటని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. ఆట కూడా హక్కే. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆ మాట స్పష్టంగా ఉంది. మన దేశం 1992 డిసెంబరులో ఆ ఒడంబడికను అంగీకరించింది. కానీ మన ఊళ్ళలో ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల ఆడుకుంటూ కనిపిస్తే, చాలాసార్లు ఆమె చంకలో ఇంకో బిడ్డ ఉంటుంది. తమ్ముణ్ణి ఎత్తుకుని తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లని చూసి ముచ్చటపడతామే గాని, ఆ పిల్ల ఆడుతోందా, పని చేస్తోందా అని అడగం. 2013లో ఈ అధికరణాన్ని వివరిస్తూ బాలల హక్కుల కమిటీ విడుదల చేసిన వ్యాఖ్య కూడా ఇంటిపని, పసిపిల్లల సంరక్షణ కలిసి ఆడపిల్లల ఆటకి సమయం లేకుండా చేస్తున్నాయని గుర్తించింది.

ఇక గుడ్డ సంగతి. గుడ్డతో ఆడుకోవడం మన పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. అమ్మ చీర చుట్టుకోవడం, తువ్వాలు తలకి చుట్టి పెద్దమనిషి కావడం, పాత పంచెతో మంచం కింద ఇల్లు కట్టడం మనమందరం చేసినవే. బొమ్మల పెళ్ళిళ్ళూ చేశాం. అయితే బొమ్మల పెళ్ళిలో పెళ్ళికూతురు పెళ్ళికూతురే. కట్నం మాటలతో సహా అందులో అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. బజారులో అమ్మే బొమ్మలూ అంతే. ఆడపిల్లకి గులాబీరంగు వంటసామాను, మగపిల్లాడికి తుపాకి. రంగు వేసిన ఉత్త గుడ్డ ముక్క అలా కాదు. అది ఏమిటో నిర్ణయించేది ఆడే పిల్లలే. ఒకే నీలం గుడ్డ పొద్దున్న చెరువు, మధ్యాహ్నం బస్సు టాపు, సాయంత్రం బాలింత దుప్పటి కావడం నేను చూశాను.

ఇంకొకటి కూడా చూశాను. ఒక కేంద్రంలో నాలుగేళ్ళ పాప గుడ్డ కప్పుకుని గోడవారన నక్కి, "నాన్నొచ్చాడు, మాట్టాడొద్దు" అని మిగతా పిల్లల్ని ఊరుకోబెట్టింది. ఆ పాప ఇంటి సంగతి మేం ఎన్నిసార్లు అడిగినా తల్లి చెప్పలేదు. పాప మాత్రం ఆటలో చెప్పింది. అలాంటప్పుడు ఆటని మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకండి. చూడండి, గుర్తుపెట్టుకోండి, తర్వాత తల్లితో ఒంటరిగా మాట్లాడండి. అలాగే మగపిల్లాడు కొంగు దోపుకుని అన్నం వండుతుంటే నవ్వకండి. తండ్రి వచ్చి "ఆడంగి వేషాలేమిటి" అని గుడ్డ లాగేసుకుంటే, ఊరుకోకండి.

ఇప్పుడు రంగులు. కొత్త గుడ్డ కొనక్కర్లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె, వాయిల్ చీర అన్నిటికన్నా మంచివి. టెరికాటన్, నైలాన్లకి ఈ రంగులు సరిగా పట్టవు. గజం చదరం ముక్కలు చేసుకోండి. గంజి ఉంటే చాకలిసోడా నీళ్ళలో ఉడికించి పోగొట్టండి.

నూలుకి చెట్ల రంగులు ఊరికే అంటుకోవు. ముందు కరక్కాయ, తర్వాత పటిక పట్టించాలి. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళ చేతుల్లో తరాలుగా ఉన్న విద్య ఇది. పావుకిలో గుడ్డకి 50 గ్రాముల కరక్కాయ పొడి నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టండి. పిండి నీడన ఆరేశాక, 35 గ్రాముల పటిక కరిగించిన గోరువెచ్చని నీళ్ళలో కొన్ని గంటలు ఉంచండి. గుడ్డ ఎంత బరువుంటే అంత ఉల్లిపొట్టు గంటసేపు మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళలో గుడ్డ వేసి సన్నని మంట మీద ఇంకో గంట ఉంచితే బంగారు, గోధుమ రంగుల మధ్య ఒక ఛాయ వస్తుంది. దానిమ్మ తొక్కలతో ముదురు పసుపు వస్తుంది. అదే గుడ్డని తుప్పుపట్టిన ఇనుము, బెల్లం వేసి రెండు మూడు వారాలు నానబెట్టిన నీళ్ళలో ముంచితే మబ్బురంగు. మోదుగుపూలు మాఘ ఫాల్గుణాల్లో విరివిగా దొరుకుతాయి, తెలంగాణలో హోళీకి ఆ నీళ్ళు చల్లుకునే అలవాటు ఉండనే ఉంది. ఎరుపుకి ఆయుర్వేద దుకాణంలో మంజిష్ఠ కొనండి. నీళ్ళు తెర్లనివ్వకండి, తెర్లితే ఎరుపు కాస్తా మట్టిరంగుకి తిరుగుతుంది.

బీట్‌రూట్ జోలికి పోకండి. గిన్నెలో ఎంత అందంగా ఉన్నా ఒక ఉతుకుకి పోతుంది. పసుపు కూడా ఎండకి వెలిసిపోతుంది గాని, దానితో పిల్లలకి ఒక వేడుక ఉంది. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడుతుంది. పారాణి ఎందుకు ఎర్రగా ఉంటుందో పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. నీలిమందు తొట్టిలో సున్నం ఉంటుంది, చేతులు కాలుతాయి. నీలం గుడ్డలు అద్దకంవాళ్ళ దగ్గర డబ్బిచ్చి వేయించుకోండి. తొట్టిలోంచి ఆకుపచ్చగా వచ్చిన గుడ్డ గాలికి నీలంగా మారడం చూడటానికి పిల్లల్ని తీసుకెళ్ళండి, దూరంగా నిలబెట్టండి.

పసిపిల్లలు గుడ్డని నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి మైలుతుత్తం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి, అది విషం. పేరూ ఊరూ లేని పొట్లం రంగులూ వద్దు. క్యాన్సర్ కలిగించే పదార్థాలు పుట్టించే కొన్ని ఎజో రంగుల్ని జర్మనీ 1994లో నిషేధించింది, మన దేశంలోనూ 1990లలోనే నిషేధం వచ్చింది. విడి పసుపులో లెడ్ క్రోమేట్ కల్తీ చేసేవాళ్ళున్నారు, కొమ్ములు కొని దంచుకోండి. రంగు వేసే గిన్నెలో మళ్ళీ వంట చేయకండి. గుడ్డకి తాళ్ళు కుట్టకండి, మెడకి ముడివేసే ఆట ఆడనివ్వకండి.

ఇంతా విన్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇదంతా ఎవరు చేస్తారు? "ఇంట్లో చేసింది" అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ ఇంట్లో ఎవరు చేశారంటే ఆడవాళ్ళే. నగరాల్లో చదువుకున్న తల్లులు ప్లాస్టిక్ బొమ్మ కొన్నందుకు కూడా నేరం చేసినట్టు బాధపడటం చూస్తున్నాను. బొమ్మ చేతితో చేయకపోతే ప్రేమ లేనట్టా? ఈ పని తల్లుల నెత్తిన ఇంకో బరువయ్యేటట్టయితే, పిల్లలు తెల్ల పంచెతోనే ఆడుకోనివ్వండి.

మన అంగన్‌వాడీ మాటకొస్తే, తారాబాయి మోదక్ 1945లో బోర్డీలో పని మొదలుపెట్టి, తర్వాత ఆదివాసీ గూడేల వాకిళ్ళలోకి బడిని తీసుకెళ్ళారు. చుట్టూ దొరికే వస్తువులతోనే పాఠం చెప్పవచ్చని ఆమె చేసి చూపించారు. ఆ దారి మంచిదే. కానీ "దొరికేవాటితో చేసుకోండి" అన్న మాటని ప్రభుత్వం తన ఖర్చు తగ్గించుకోవడానికి వాడుకుంటోంది. 1975లో పథకం మొదలైనప్పటి నుంచీ మీకిచ్చేది గౌరవ వేతనమే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మీకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. అయినా 2023 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో జీతాలకోసం, గ్రాట్యుటీకోసం 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. అందుకని పటిక, కరక్కాయ, కట్టెల ఖర్చు రాసి బిల్లు పెట్టండి. రంగు వేసిన రోజుని పనిరోజుగా రిజిస్టరులో రాయండి. తండ్రుల్ని పిలిచి గుడ్డలు పిండించండి. తడిసిన పంచె పిండటానికి బలమైన చేతులు కావాలి, ఆ సాకు చాలు.

బయట పొయ్యి రాజేశారు. ఉల్లిపొట్టు తెచ్చినవాళ్ళు ముందుకి రండి. మీరు తెచ్చిన గుడ్డ అంచున మీ ఊరి పేరు దారంతో కుట్టుకోండి, లేకపోతే అన్నీ కలిసిపోతాయి.