ఆటల్లో నేర్పు – సాధన చేసే తీరు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లెక్కలు చెప్పే మాస్టర్ని. మా బళ్లో ఆటల మాస్టరు లేరు కాబట్టి సాయంత్రం పూట ఆ పని కూడా నాదే. మొదటి ఆరేడేళ్లు ఆ పని తప్పుగా చేసినాను. ఆ సంగతి చెప్పడానికే ఈ రోజు ఒప్పుకున్నాను.

ఆటలో నేర్పు, మన ఇళ్లల్లో హునర్ అంటాము, అదంతా ఒకే రకం కాదు. పెనాల్టీ కిక్కు, వాలీబాల్ సర్వీసు, షాట్‌పుట్ ఒక రకం. బంతి మన ముందు ఆగి వుంటుంది, లేదా మన చేతిలోనే వుంటుంది. ఎప్పుడు మొదలుపెట్టేదీ మన ఇష్టం. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి సంగతి వేరు. ఎదుట ఏడుగురు. ఎవడు కాలు పడతాడో, ఎవడు వెనకనుంచి వస్తాడో ముందుగా తెలియదు. ఫుట్‌బాల్లో పాసు, క్రికెట్లో బ్యాటింగు కూడా అంతే. మొదటిది క్లోజ్డ్ స్కిల్, రెండోది ఓపెన్ స్కిల్ అని పుస్తకాల్లో వుంటుంది. పేర్లు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. రెండింటికీ సాధన ఒకటి కాదు, అంతే.

ఇది నాకు తెలియక ముందు ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వుండేవాడు. బంతి ఒక చోట పెట్టి రోజూ యాభై సార్లు తన్నించేవాణ్ణి. నలభై దాకా గోల్లో పడేవి. తీరా మ్యాచ్‌లో బంతి దొర్లుకుంటూ వచ్చింది, పక్కన ఇద్దరు మీద పడ్డారు, మూడు సార్లు తప్పినాడు. అందరి ముందూ తిట్టినాను. మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు. నెల తిరగకుండా బడి కూడా మానేసి మెకానిక్ షాపులో చేరినాడు. ఇంట్లో కారణాలు వేరే కూడా వుండవచ్చు. కాని నేను నేర్పనిది వాణ్ణి అడిగినాను, ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే వుంది.

1978లో కెర్, బూత్ అనే ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లలతో గింజల సంచి విసిరించి చూసినారు. కొందరికి మూడు అడుగుల దూరం నుంచే సాధన. మిగతావారికి రెండడుగులు, నాలుగడుగులు, మూడు అడుగుల నుంచి ఒక్కసారీ లేదు. పరీక్ష మాత్రం మూడు అడుగుల మీద పెట్టినారు. రెండో జట్టే బాగా విసిరింది! 1986లో గూడ్, మేగిల్ ఆడపిల్లలకు బ్యాడ్మింటన్ సర్వీసులు మూడు రకాలు నేర్పినారు. ఒక రకం అయినాక మరో రకం నేర్చుకున్నవారి కన్నా, మూడూ కలగాపులగంగా చేసినవారే తర్వాతి పరీక్షలో ముందున్నారు.

అయితే ఒక సంగతి. ఇట్లా కలిపి చేసేటప్పుడు పిల్లలు తప్పులు ఎక్కువ చేస్తారు. గోడ మీద కూర్చుని చూసే తండ్రికి ‘వీడు వెనక్కి పోతున్నాడు’ అనిపిస్తుంది. తొందరపడకండి. అసలు బంతి ముట్టని పిల్లవాడికి మాత్రం మొదటి కొన్నాళ్లు ఒకే పని చేయించవలసిందే.

ఈ పుస్తకాలు రాకముందే మన హైదరాబాదులో ఒక బడి పంతులు ఇటువంటి పనులు చేయించినాడు. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పినవారు. సిటీ పోలీసు జట్టుకు ఆయన కోచ్‌గా వుండగా 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు వచ్చింది. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన శిక్షణలోనే. 1962 జకార్తా ఫైనల్‌కు తలకు దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్‌ను డిఫెన్సు నుంచి తీసి ముందు ఆడించినారు. అతను గోలు కొట్టినాడు, కొరియా మీద 2-1తో గెలిచినాము. మరుసటి సంవత్సరమే రహీం సాహెబ్ పోయినారు.

ఆయన పెట్టించిన పోటీలు వినండి. ఒక దాంట్లో బలమైన కాలితో తన్నరాదు. ఇంకొక దాంట్లో డ్రిబ్లింగ్ లేదు, బంతి వస్తే పాసు ఇవ్వవలసిందే. చేతకాని పనిని పిల్లవాడు తనంతట తాను సాధన చేయడు, చేతనైనదే చేసి చప్పట్లు కొట్టించుకుంటాడు. పెద్దవాళ్లమూ అంతేననుకోండి. అందుకని ఆయన ఆట నియమాన్నే మార్చినారు. తిట్టవలసిన పని లేకుండా పోయింది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఆదివారం ఒక్కటే మూడు గంటలు ఆడించడం కన్నా రోజూ అరగంట మేలు. అసర్ నమాజుకూ మగ్రిబ్‌కూ నడుమ ఆ అరగంట దొరుకుతుంది. ఆడపిల్లలకు ఇంటి వాకిట్లో తాడు కట్టి రింగు ఆడించినా సరే, కుడి చేతితో పట్టినది ఎడమ చేతితో పట్టమనండి. ఇక, ముక్కలు చేసి నేర్పేటప్పుడు చూసుకోవాలి. లాంగ్‌జంప్‌లో పరుగు వేరుగా, దూకడం వేరుగా నేర్పవచ్చు, తర్వాత కలపాలి. సర్వీసులో బంతి ఎగరేయడమూ కొట్టడమూ ఎక్కువ రోజులు విడదీస్తే మళ్లీ అతకదు.

సంఘం వారికి ఒక మనవి. ఈసారి ఈద్ తర్వాత జరిపే పోటీల్లో ఒక సాయంత్రం ఎడమకాలి మ్యాచ్ పెట్టించండి. కప్పు అక్కర్లేదు. బంతి నేను తెస్తాను. మెకానిక్ షాపుల్లో, టైలర్ షాపుల్లో పనిచేసే పిల్లలకు ఆ ఒక్క పూట సెలవు ఇప్పించే పూచీ మాత్రం మీది.

ఖుదా హాఫిజ్.